నక్కవాగు కోర్టుకు నడిచిన దారి



విత్తనాల గురించి, ఎరువుల గురించి, తెగుళ్ళ గురించి మనం ఎప్పుడూ ముచ్చటించుకుంటూనే ఉన్నాం. ఈ పూట ఒక వాగు సంగతి చెప్పుకుందాం. పైరుకు పురుగు పడితే మందు కొట్టుకుంటాం. వాన వెనకబడితే బావిలో పూడిక తీసుకుంటాం. మరి ఎగువ నుంచి వచ్చే వాగు నీరే చెడిపోతే ఏం చేయాలి? దానికి మందు ఏ దుకాణంలోనూ దొరకదు. ఆ మందు కచేరీలలోనూ, కోర్టులలోనూ వెతుక్కోవలసి వస్తుంది. అలా వెతుక్కున్న ఊళ్ళ కథ ఇది. వాళ్ళకు తోడుగా నిలిచి, పొలం భాషను కోర్టు భాషలోకి మార్చిన మనుషుల కథ కూడాను.

హైదరాబాదుకు వాయవ్యంగా, బొంబాయి రోడ్డు మీద, పటాన్‌చెరు ఉన్నది. అప్పుడు మెదక్ జిల్లా. 2016 నుండి సంగారెడ్డి జిల్లా. పేరులోనే చెరువు ఉన్న ఊరు. ఆ చుట్టుపక్కల కుంటలు, చెరువులు, వాటిని కలుపుతూ పారే చిన్న చిన్న వాగులు అనేకం. ఆ నీళ్ళను కలుపుకొని నక్కవాగు పారి మంజీరలో కలుస్తుంది. మంజీర గోదావరిలో కలుస్తుంది. వాగు ఒడ్డున వరి పండేది, చెరకు పండేది, మెట్ట మీద జొన్న పండేది. పశువులు వాగులోనే నీళ్ళు తాగేవి. చాకలివాళ్ళకు, చేపలు పట్టేవాళ్ళకు ఆ వాగే బ్రతుకుతెరువు.

1970ల నడుమ నుండి ఆ ప్రాంతంలో పారిశ్రామికవాడలు వెలిశాయి. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం అని మీరు వినే ఉంటారు. వెనుకబడిన ప్రాంతం, ఫ్యాక్టరీలు వస్తే పనులు దొరుకుతాయి అన్నారు. పనులు దొరకలేదని అనలేము, కొందరికి దొరికాయి. కాని అక్కడికి వచ్చిన వాటిలో మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాలు చేసేవి చాలా ఉన్నాయి. ఆ పనిలో మిగిలే వ్యర్థపు నీరు మామూలు మురుగు కాదు. దానిలో ఉప్పులుంటాయి, ఆమ్లాలుంటాయి, ఘాటైన ద్రావకాలుంటాయి. శుద్ధి చేయాలంటే ఖర్చు. పక్కన చూస్తే పల్లంలోకి పోయే వాగు. రాత్రిపూట వాన పడుతుంటే ఎవరు చూడొచ్చారు? అలా మొదలయింది.

ఇక్కడొక మాట. రైతుకు నష్టం ఒక్కరోజున రాలేదు. మొదట నీటి రంగు మారింది. పిదప చేపలు తేలాయి. ఆ నీళ్ళు తాగిన పశువులు కట్టకపోవడం, ఈసుకుపోవడం, చావడం మొదలయింది. నారు పోస్తే మొలక సరిగా రాలేదు. వచ్చిన మొక్క మాడింది. వాగుకు దూరంగా ఉన్న బావి కదా అనుకుంటే, రెండు మూడేళ్ళకు ఆ బావి నీళ్ళకూ వాసన తగిలింది. భూమి లోపల నీరు కూడా నడుస్తుంది గదా. మడిలోకి దిగిన మనిషి కాళ్ళకు దురద, పొక్కులు. ఇలా ఏడాదికొకటి చొప్పున వచ్చే నష్టానికి ఎవరినని అడగాలి? పైన ఫ్యాక్టరీ ఒకటి కాదు, అనేకం. ఒకరిని అడిగితే పక్కవాడిని చూపిస్తాడు.

ఆ ఊళ్ళలో ఈ సంగతిని ముందుగా ఒకచోట పోగు చేసి చూసినవారు డాక్టర్ అల్లాని కిషన్‌రావు. పటాన్‌చెరులో వైద్యం చేసేవారు. రోగులు ఎవరి బాధ వారు చెప్పుకుంటారు. వైద్యుడు మాత్రం ఏ ఊరివాళ్ళు ఏ బాధతో వస్తున్నారో చూడగలడు. చర్మవ్యాధులు, ఆయాసాలు ఏ దిక్కు నుండి వస్తున్నాయో చూస్తే, ఆ దిక్కున వాగే కనిపించింది. ఆయన మందుల చీటీతో ఆగిపోలేదు. ఊళ్ళు తిరిగారు, నీళ్ళు చూశారు, కాగితాలు వ్రాశారు. 1980ల నడుమ ఆ ఊళ్ళ జనం ఊరేగింపుగా హైదరాబాదుకు వెళ్ళి ప్రభుత్వానికి మొర పెట్టుకోవడంలో ఆయన ముందున్నారు. ఆయన న్యాయవాది కారు. అయినా ఆ ప్రాంతపు రైతులకు, చట్టానికి నడుమ వంతెన వేసినవారు ఆయనే అని చెప్పుకోవాలి.

"ఏమండీ, వాగు చెడగొట్టడం తప్పని చట్టం అప్పటికి లేదా?" అని మీరు అడగవచ్చు. లేకేం! పాత మద్రాసు రాజధానిలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉండేది. తన హద్దుల్లో సహజంగా పారే నీటిని గాని, ఊరే నీటిని గాని ఎగువవాడు అన్యాయంగా చెడగొట్టకుండా ఉండాలనేది భూమి గలవాని హక్కు అని అందులోని ఉదాహరణలలో స్పష్టంగా ఉన్నది. అంటే సర్కారు జిల్లాల రైతుకు ఈ హక్కు కాగితం మీద 140 ఏళ్ళ పైబడి ఉన్నదన్నమాట. కాని దాని మీద దావా వేయాలంటే ఎవరి పొలానికి వారు, ఎవరి ఖర్చుతో వారు, ఇంత నష్టం ఫలానా వాని వల్ల అని రుజువు చేసుకోవాలి. రెండెకరాల రైతుకు అది తలకు మించిన పని. కుండ తాకట్టు పెట్టి కోర్టుకు పోయినట్టుంటుంది.

తరువాత 1974లో నీటి కాలుష్య నివారణ చట్టం వచ్చింది. రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. బాగానే ఉన్నది. అయితే ఈ చట్టంలో ఒక మెలిక ఉన్నది. దీన్ని విస్తరణ కార్యకర్తలు తప్పక తెలుసుకోవాలి. ఫ్యాక్టరీ మీద మండలి కేసు పెట్టాలంటే, నీటి నమూనాను మండలి తరపు మనిషే తీయాలి. ఫ్యాక్టరీవారికి నోటీసు ఇవ్వాలి. వారి ఎదుట తీసిన నీటిని రెండు భాగాలు చేసి, సీసాలకు సీలు వేసి, ఇరువురూ సంతకాలు పెట్టాలి. ఆ తరువాతనే పరీక్షకు పంపాలి. మనం తెల్లవారుజామున పరుగెత్తుకుపోయి సీసాలో పట్టుకొచ్చిన ఎర్రనీళ్ళు ఆ కేసులో సాక్ష్యానికి నిలవవు. రైతులు పాపం సీసాల కొద్దీ నీళ్ళు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన సందర్భాలు ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. వాళ్ళది అబద్ధం అని ఎవరూ అనలేదు; కాని చట్టం ఆ సీసాను చూడదు. మండలి మనిషి వచ్చేసరికి వాగు తేటపడి ఉంటుంది.

అలాగని మన సీసా పనికిరాదని కాదు. ఏ రోజు, ఏ వేళ, ఏ తూము దగ్గర నీరు మారిందో తేదీలతో వ్రాసి పెట్టుకుంటే, ఫొటో తీసి పెట్టుకుంటే, "ఫలానా రోజుల్లో ఫలానా వేళకు రండి" అని మండలిని పిలవడానికి అది ఆధారం. అర్జీకి రసీదు తీసుకుంటే, పిలిచినా రాలేదనడానికి అదొక ఆధారం. ఈ తేడా చెప్పేవాడు ఊళ్ళో ఒకడుంటే పదేళ్ళ తిరుగుడు తప్పుతుంది.

మరి పటాన్‌చెరు ఊళ్ళకు సుప్రీంకోర్టు తలుపు ఎలా తెరుచుకుంది? 1980లలో మన దేశంలో ఒక కొత్త పద్ధతి వచ్చింది. నష్టపోయినవాడే స్వయంగా రానక్కరలేదు, అతడు రాలేని స్థితిలో ఉంటే అతని తరపున మంచి మనసుతో మరొకరు కోర్టును అడగవచ్చు అని న్యాయమూర్తులు అంగీకరించారు. ప్రజాప్రయోజన వ్యాజ్యం అంటున్నది దాన్నే. ఢిల్లీలో న్యాయవాది ఎం.సి. మెహతా, ఆయనతోటివారు పర్యావరణ కేసుల కోసం ఒక మండలి పెట్టుకున్నారు. ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అని దాని పేరు. పటాన్‌చెరు, బొల్లారం ఊళ్ళ గోడు ఆ మండలి పేరు మీద 1990లో సుప్రీంకోర్టులో 1056వ నంబరు రిట్ పిటిషనుగా దాఖలయింది. ఎక్కడి నక్కవాగు, ఎక్కడి ఢిల్లీ! నడుమ ఉన్న దూరాన్ని దాటించినవి ఊళ్ళలో పోగుచేసిన కాగితాలే.

ఇదే మండలి అంతకు ఏడాది ముందు మరొక ఊరి కేసు వేసింది. అది తెలిస్తేగాని మన కథ సగం అర్థం కాదు. రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గర బిచ్చడి అనే పల్లె. అక్కడ 1988లో ఒక ఫ్యాక్టరీ హెచ్-ఆమ్లం అనే రంగుల ముడిసరుకు తయారు చేయడం మొదలు పెట్టింది. తయారయింది సుమారు 375 టన్నులు. దాని వెనుక మిగిలిన ఇనుప బురద, జిప్సం కలిసి 2,400 టన్నులకు పైన. సరుకు కంటే చెత్త ఆరు రెట్లు! దాన్ని ఆరుబయట పారబోశారు. వాన కురిసింది, బురద కరిగి భూమిలోకి ఇంకింది, బావుల్లో నీళ్ళ రంగు మారింది. మనుషులు తాగడానికి లేదు, పశువులకు లేదు, పొలానికి లేదు. ఊరివాళ్ళు తిరగబడ్డారు. అధికారులు 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. 1989 జనవరిలో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చూడండి, ఫ్యాక్టరీ నడిచింది కొన్ని నెలలే. బావులు చెడింది ఏళ్ళ తరబడి.

ఆ కేసులో తీర్పు 1996 ఫిబ్రవరి 13న వచ్చింది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి వెళ్ళినవారు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ప్రమాదకరమైన పని పెట్టుకున్నవాడు ఎంత జాగ్రత్త తీసుకున్నానని చెప్పినా సరే, దానివల్ల ఇతరులకు హాని కలిగితే ఆ నష్టం అతడే భరించాలి, నష్టపోయినవారికి ఇవ్వడమే కాదు, చెడిన భూమిని, నీటిని బాగుచేసే ఖర్చు కూడా అతనిదే. చెడగొట్టినవాడే చెల్లించాలి అన్న సూత్రం మన దేశపు చట్టంలో గట్టిగా నాటుకున్నది ఆ తీర్పుతోనే. నాగపూర్‌లోని నీరి అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఆ నేలను పరీక్షించి, బాగుచేయడానికి రు. 37.385 కోట్లు అవుతుందని లెక్క వేసింది.

డబ్బు వచ్చిందా? అక్కడే ఉన్నది అసలు సంగతి. ఆ కంపెనీలవారు దరఖాస్తు మీద దరఖాస్తు వేసి పదిహేనేళ్ళు గడిపారు. 2011 జులైలో సుప్రీంకోర్టు విసిగి, ఆ 37.385 కోట్లను 1997 నవంబరు నుండి 12 శాతం చక్రవడ్డీతో కట్టమన్నది. చక్రవడ్డీ అంటే ఏమిటో రైతుకు వేరే చెప్పాలా! ఒకసారైనా అది అవతలివాడి నెత్తిన పడిందని సంతోషించాలి. కాని 1988లో చెడిన బావి 2011 దాకా ఆగదు. ఆ బావి మీద బ్రతికినవాడూ ఆగడు.

మళ్ళీ నక్కవాగుకు వద్దాం. సుప్రీంకోర్టు నష్టాన్ని విచారించి నివేదిక ఇవ్వమని సంగారెడ్డిలోని జిల్లా జడ్జిని ఆదేశించింది. ఇది చాలా మంచి పని. ఢిల్లీలో కూర్చుని వాగు చూడలేరు. జిల్లా జడ్జికి ఆ ఊళ్ళు దగ్గర. చివరకు నష్టపరిహారం తేలింది. మెట్ట పొలానికి ఎకరానికి ఏడాదికి రు. 1,000, తరి పొలానికి ఎకరానికి రు. 1,700. బాధిత గ్రామాలకు మంచినీరు అందించాలని కూడా కోర్టు ఆదేశించింది.

ఈ అంకెల దగ్గర కాస్సేపు ఆగుదాం. ఫ్యాక్టరీలవారి చేత రైతుకు ఎకరానికి ఇంత అని కట్టించగలగడం ఆనాటికి చిన్న విషయం కాదు. నష్టం జరిగిందని, అది వారివల్లనే జరిగిందని ఒప్పుకోబడ్డది గదా. కాని తరి పొలంలో రెండు పంటలు తీసే రైతుకు పదిహేడు వందలు ఏ మూలకు? దానికి తోడు, ఎకరాల లెక్కన ఇచ్చే పరిహారం పట్టా ఉన్నవాని చేతికే వెళ్తుంది. ఆ పొలాన్ని కౌలుకు చేసినవానికి ఆ లెక్కలో గడి లేదు. నాట్లు, కోతలు పోయిన కూలివాళ్ళకు లేదు. వాగులో చేపలు పట్టినవానికి లేదు. చచ్చిన బర్రెకు లేదు. నా మటుకు నాకు, ఈ లోటు కోర్టుది అని తోచదు. కోర్టు తన ముందున్న కాగితాన్ని బట్టి కొలుస్తుంది. పహాణీలో పట్టాదారు ఉన్నాడు, విస్తీర్ణం ఉన్నది. చేపల లెక్క ఎక్కడా వ్రాసి లేదు. కౌలు నోటిమాట మీద నడిచింది. వ్రాయనిది కొలవడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఆంధ్ర ప్రాంతంలో అడంగల్ అన్నా, తెలంగాణలో పహాణీ అన్నా, ఆ కాగితంలో ఏ సాలు ఏ పైరు వేశారో, ఏ నేల పడావు పడ్డదో వ్రాసే గడి ఉంటుంది. వాగు చెడక ముందు వరి అని, చెడిన తరువాత పడావు అని వరుసగా ఐదారేళ్ళు వ్రాసి ఉంటే అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? అదే గడిలో, పొలానికి రాకుండానే, ఏటా "వరి" అని నకలు వ్రాసుకుంటూ పోతే? పొలం ఎండింది గాని కాగితం మీద పైరు పచ్చగానే ఉంటుంది. పంట నమోదుకు తిరిగే తమ్ముళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

తరువాత జరిగినవి తొందరగా చెబుతాను. ఫ్యాక్టరీల మురుగును ఒకచోటికి చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం 1994లో పటాన్‌చెరులో వచ్చింది. కాని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ప్రకటించిన ఫలితం చూసి లోకమంతా ఆశ్చర్యపోయింది. శుద్ధి అయిన తరువాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లిగ్రాముల దాకా ఉన్నది. జ్వరాలకు డాక్టర్లు వ్రాసే మందే అది. మందు వేసుకున్న రోగి నెత్తురులో కూడా అంత ఉండదు. ఇలాంటి నీటిలో పెరిగే సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడిపోతాయి. రేపు మనకు జబ్బు చేస్తే అదే మందు పనిచేయదు. మురుగును గొట్టం ద్వారా 18 కిలోమీటర్లు మళ్ళించి హైదరాబాదు అంబర్‌పేట కేంద్రానికి పంపారు. అంటే నక్కవాగుకు కొంత ఊపిరి దొరికింది. ఆ నీరు చేరేది మూసీలోకి; మూసీ కింద సాగు చేసుకునే రైతులు "మా మాట ఏమిటి?" అని అడిగారు. వాళ్ళ ప్రశ్నలో తప్పు లేదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్రంగా చెడినట్టు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతానికి 70.07 వచ్చింది. ఈ మార్కులు ఎన్ని తక్కువ వస్తే అంత మేలు మరి. ఇక కేసు సంగతి. 2001లో సుప్రీంకోర్టు దాన్ని హైదరాబాదు హైకోర్టుకు పంపింది. 2013లో అది అక్కడ నుండి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ శాఖకు వెళ్ళింది. 2017 అక్టోబరులో అక్కడ తీర్పు వచ్చింది. 1990లో వేసిన కేసు, 27 ఏళ్ళు. మొదటి అర్జీ మీద వేలిముద్ర వేసిన రైతు మనుమడు ఆ నాటికి పొలం చేస్తూ ఉంటాడు, లేదా అదే ఫ్యాక్టరీలో గేటు దగ్గర పనిచేస్తూ ఉంటాడు.

ఇంతవరకు చెప్పినది నీరు చెడిన తరువాత చేసిన పోరాటం. చెడక ముందే అడ్డుపడిన కథ మనకు ఉత్తరాన, శ్రీకాకుళం జిల్లా సోంపేటలో ఉన్నది. అక్కడ బీల నేలలు అంటారు. ఏడాదిలో చాలాకాలం నీరు నిలిచే పల్లపు నేలలు. ఆ నీటితో చుట్టూ ఊళ్ళ పొలాలు తడుస్తాయి, బెస్తలకు చేపలు దొరుకుతాయి, పశువులకు మేత దొరుకుతుంది. 2008లో ఆ బీలలో సుమారు 970 ఎకరాలు ఒక థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చారు. కాగితాల్లో దాన్ని పనికిరాని బంజరుగా చూపించారు. ఎవరి కళ్ళకు బంజరు? దున్నని నేల అంతా బంజరే అనుకునే అలవాటు మన రెవెన్యూ లెక్కల్లో తెల్లదొరల నాటి నుండి ఉన్నది. నీరు నిలిచే నేల పన్ను కట్టదు, కనుక లెక్కలో అది వట్టి నేల.

సోంపేటవాళ్ళు రెండు పనులు చేశారు. ఊళ్ళన్నీ కలిసి కూర్చుని నిరసన సాగించాయి. దానితోపాటు చట్టం దారీ పట్టారు. 2009 ఆగస్టులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో తమ అభ్యంతరాలు చెప్పారు. అక్కడ కూడా ముందు నిలిచినవారిలో ఒక వైద్యుడున్నారు. ఇదేం కాకతాళీయమో గాని, నీరు చెడితే ముందు తెలిసేది వైద్యునికే కాబోలు. విశాఖపట్నంలో ఉంటున్న ఇ.ఎ.ఎస్. శర్మ గారు, కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా చేసి వచ్చినవారు, ఢిల్లీకి ఉత్తరం మీద ఉత్తరం వ్రాశారు. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో ఆయనకు తెలుసు. ఇచ్చిన పర్యావరణ అనుమతి మీద జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీకి అప్పీలు వెళ్ళింది.

2010 జులై 14న సోంపేటలో పోలీసు కాల్పులు జరిగాయి. ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అదే రోజున ఢిల్లీలో ఆ అథారిటీ అనుమతిని రద్దు చేసింది. ఒకే రోజు! ఆ తీర్పు వారం ముందు వచ్చి ఉంటే అనిపిస్తుంది. చట్టం దారి గెలిచిందని సంబరపడే వీలు ఆ రోజున ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడు ఈ పనికి మనుషులను తయారు చేసే ప్రయత్నాల గురించి. జాతీయ న్యాయ సేవల సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం పెట్టింది. వకీలు చదువు చదవకపోయినా, ఊళ్ళోవాడికే చట్టంలో కొంత తర్ఫీదు ఇచ్చి, జనానికి దారి చూపించే ఏర్పాటు అది. కాలుష్యం విషయంలోనే ప్రత్యేకంగా పనిచేసినవారు మరికొందరున్నారు. 2012 నుండి నమతి అనే సంస్థ, ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రిసెర్చి కలిసి, గుజరాత్, కర్ణాటక తీరాల్లోనూ, ఇతర చోట్లా, స్థానికులకే తర్ఫీదు ఇచ్చి పనిలో పెట్టాయి. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. నేరుగా కోర్టుకు పరుగెత్తరు. ముందు ఆ ఫ్యాక్టరీకో, గనికో ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రం తెప్పిస్తారు. దానిలో షరతులుంటాయి: దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి, వాగుకు ఇంత దూరంలో తవ్వకూడదు, మురుగు బయటికి వదలకూడదు అని. ఆ షరతులను ఊరి భాషలో ఊరివాళ్ళకు చదివి వినిపిస్తారు. తరువాత వాళ్ళతో కలిసి తిరిగి, ఏ షరతు తప్పుతున్నదో తేదీ వేసి, ఫొటో తీసి, ఏ ఆఫీసుకు ఆ అధికారం ఉన్నదో ఆ ఆఫీసుకే వ్రాస్తారు. కలెక్టరుకు, మంత్రికి, పత్రికకు ఒకే అర్జీ నకళ్ళు పంచి ఊరుకోరు. ఆఫీసువాడు తనిఖీకి వస్తే పొలం గట్టు మీద వెంట ఉంటారు.

"ఫ్యాక్టరీవాడి అనుమతి పత్రం మనకెవరిస్తారండీ?" అంటారేమో. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే ఇస్తారు. పర్యావరణ అనుమతి పొందిన సంస్థలు షరతులు ఎలా పాటిస్తున్నాయో ఆరు నెలలకొకసారి నివేదిక ఇవ్వాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతున్నది. జూన్ 1, డిసెంబరు 1 అని తేదీలు కూడా ఉన్నాయి. ఆ నివేదికలో "మురుగు చుక్క బయటికి పోవడం లేదు" అని వ్రాసి ఉండి, మీ తూము దగ్గర నురగ తేలుతున్నదనుకోండి. ఇక మీ చేతిలో వాళ్ళు సంతకం చేసిన కాగితమే ఉన్నట్టు.

ప్రజాభిప్రాయ సేకరణ సభలు మన జిల్లాల్లో తరచుగా జరుగుతుంటాయి. అక్కడ ఒక చిన్న నియమం చాలామందికి తెలియదు. సభ ముగిసే ముందు, అక్కడ ఎవరేమన్నారో వ్రాసిన కాగితాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. చదవకుండానే లేచిపోతుంటే, "అయ్యా, చదివి వినిపించండి" అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మీరు వద్దన్నది అందులో వద్దని ఉన్నదో లేదో అప్పుడే తేలుతుంది.

చివరగా గడువుల సంగతి. పొలంలో అదను ఎలాంటిదో హరిత ట్రిబ్యునల్‌లో గడువు అలాంటిది. 2010 నాటి చట్టం ప్రకారం పర్యావరణ వివాదం తెచ్చేవారు కారణం మొదట పుట్టిన ఆరు నెలల్లోపున రావాలి. నష్టపరిహారం కోసం, చెడిన భూమిని బాగుచేయించడం కోసం అయితే ఐదేళ్ళు. తగిన కారణం చూపితే ఈ రెంటికీ మరో 60 రోజులు ఇవ్వవచ్చు. అంతకు మించి లేదు. ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు ట్రిబ్యునల్ శాఖ చెన్నైలో ఉన్నది. వకీలును పెట్టుకునే స్తోమత లేదని ఆగనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు, షెడ్యూల్డు కులాలవారికి, తెగలవారికి, ఆదాయం తక్కువగా ఉన్నవారికి, ఇంకా కొందరికి ఉచితంగా న్యాయ సహాయం ఇవ్వాలి. దాని జిల్లా కార్యాలయం జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది. అక్కడికి వెళ్ళేటప్పుడు పహాణీ నకళ్ళు, పశువుల డాక్టరు ఇచ్చిన చీటీలు, పంపిన అర్జీల రసీదులు, వాగు రంగు మారిన రోజులు వ్రాసుకున్న నోటుబుక్కు సంచిలో వేసుకొని వెళ్ళండి. ఆ నోటుబుక్కులో మొదటి తేదీ ఏదో ముందుగా అడుగుతారు.